మూడు జెండాలు, ఒక కొమ్మ

తొమ్మిదికల్లా చీటీ రాసి, పదికల్లా కొమ్మ కొట్టించి, పదకొండుకల్లా టీ తాగాలని ఆ పొద్దున అటవీ కార్యాలయం గుమాస్తా వేసుకున్న పథకం. సరిహద్దు అడవిని కలిసి కాపాడుకుంటామని మూడు ప్రభుత్వాలు ఆ రోజే సంతకాలు చేయబోతున్నాయి. వాకిట్లో పాతిన మూడు జెండాల్లో నడిమిదానికి ఒక చెట్టుకొమ్మ అడ్డొస్తోంది.

ఆ చెట్టు నాటింది గుమాస్తా భార్య. పాతికేళ్లపాటు మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి దాని కిందే వడ్డించింది. కిందటేడు ఆవిడ పోయింది. ఇప్పుడు క్యారియర్ ఆయనే తెచ్చుకుని అక్కడే తింటాడు. ఇంట్లో ముద్ద దిగదు. అందుకే చీటీలో "ఒక్క కొమ్మ మాత్రమే" అని రాసి, కింద గీత కూడా గీశాడు.

ఆ రోజు ఏ కాగితమైనా ముగ్గురు ప్రతినిధులూ చూడాలని నియమం. మొదటాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "నడిమి జెండాకే వెలుతురా? మాది నీడలో మగ్గాలా? మావైపూ కొట్టండి!"

రెండో ఆవిడ ఊరుకుంటుందా? "మమ్మల్ని మాత్రం వదిలేస్తారేం? మేం కానివాళ్లమా?"

నడిమి జెండా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "అయితే మాకు దక్కింది ఒక్క కొమ్మేనన్నమాట!"

ఏర్పాట్లు చూస్తున్న ఇంజనీరు తల గోక్కున్నాడు. "మూడువైపులా కొట్టేస్తే చెట్టు ఒరిగి ఫొటోకని వేసిన వేదిక మీద పడుతుందండీ."

"అయితే తీసేయండి," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

గుమాస్తా పడుతూ లేస్తూ పెద్ద ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాడు. "అయ్యా, నేనడిగింది ఒక్క కొమ్మండీ! అది మా ఆవిడ నాటిన చెట్టు!"

"ఏం చేయమంటావయ్యా? పదేళ్లలో వీళ్లు ఒక్క మాట మీదకి రావడం ఇదే మొదలు. ఇప్పుడు కదిపితే ఒప్పందం మొత్తం బెడిసికొడుతుంది. అయినా చీటీ రాసింది నువ్వేగా?"

రాసింది తనే. రంపం అరగంటలో పని ముగించింది.

ఒంటిగంటకి సంతకాలయ్యాయి. గ్రూపు ఫొటోకని అందరూ వాకిట్లోకి వచ్చి, ఎండకి నెత్తిన ఫైళ్లు పెట్టుకున్నారు. "అటవీ కార్యాలయం అంటారు, నాలుగు చెట్లు పెంచుకోవచ్చుగా!" అని విసుక్కుంది రెండో ఆవిడ.

అందరూ లోపలికి వెళ్లి, అడవి బొమ్మ వేసిన తెర ముందు నిలబడ్డారు. తెర జారిపోతోందని, వెనక నుంచి పట్టుకోమని గుమాస్తాని పిలిచారు. మూత తీయని క్యారియర్ మొద్దు మీదే వదిలి ఆయన వెళ్లాడు. ఏడుపు ఆగడం లేదు, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"అందరూ నవ్వాలి!" అన్నాడు ఫొటోగ్రాఫరు. తెర వెనక ఉన్నాయనకి ఆ శ్రమ తప్పింది.