ఎడమకు రాలిన బొంగరాలు

2003లో ఆ సోమవారం పొద్దున ఇందు వేసుకున్న పథకం చిన్నదే. మదనపల్లెలో మొదటి బస్సెక్కాలి, పుంగనూరులో వడ్రంగి కుప్పుస్వామి చెక్కిన బొంగరాలు తీసుకోవాలి, కుప్పం కళాశాలలో పాఠం చెప్పి లెక్చరర్ ఉద్యోగం సంపాదించాలి.

ఆమె పరిశోధన మీసాన్లనే బరువైన సూక్ష్మకణాల మీద. ఆ కణాలు విరిగినప్పుడు పుట్టే ముక్కలు ఏ దిక్కుకు తిరుగుతున్నాయో కొలవాలి. మీసానూ, అద్దంలో ప్రతిబింబంలాంటి దాని ప్రతికణమూ ఒకేలా విరగకపోతే ప్రకృతి ఒక పక్షం వహిస్తున్నట్టే. అది పిల్లలకు అర్థం కావాలంటే ముందు పక్షపాతం లేని వస్తువును చూపాలి. నున్నటి పీట మీద తిప్పిన బొంగరాలు రెండు వైపులకూ ఇంచుమించు సమానంగా రాలతాయి.

బస్సు డ్రైవరుగా రిటైరైన మేనమామ మునస్వామి పీట తాను మోస్తానన్నాడు. దానికి అప్పటికే పసుపు, కుంకుమ పెట్టేశాడు.

"పీటకి పూజ యాల మామా?"

"కొత్త బస్సుకి చేస్తాము గదా, కొత్త పీట ఏం పాపం చేసిందమ్మా?"

గీతలు పడతాయని దారంతా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు.

కుప్పంలో హాలు నిండింది. ఇందు పీటను బల్ల మీద పెట్టి బొంగరాలు తిప్పింది. కుడికి తిప్పినవి ఎడమ అంచు దాటి రాలాయి. ఎడమకు తిప్పినవీ ఎడమకే రాలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ శ్రీనివాసులు లేచి నిలబడ్డాడు.

"మీసాన్లు యాల, మన పుంగనూరు బొంగరాలే ఒక పక్షం వహిస్తాండాయి గదా."

ఇందు నోరు తెరిచేలోపు పత్రికా విలేఖరికి కబురు వెళ్లింది. అతను కెమెరాతో వచ్చాడు. అతిథుల కోసం తెచ్చిన దండ బొంగరాల మెడలో పడింది.

"సూస్తివా, పూజ ఫలం," అన్నాడు మునస్వామి.

ఎంపిక కోసం తిరుపతి నుంచి వచ్చిన సుభద్రమ్మ మాత్రం నవ్వలేదు. "ఏమ్మా, ఇది నిజమేనా?"

అవునంటే ఉద్యోగం ఖాయం. ఇందు పీటను అటుది ఇటు తిప్పి పెట్టింది. ఈసారి బొంగరాలన్నీ కుడికి రాలాయి.

"మొగ్గు బొంగరాలది కాదు మేడమ్, పీటది," అని దాన్ని బోర్లించింది. ఒక కాలి కింద పసుపు దారంతో కట్టిన నిమ్మచెక్క.

హాలు గొల్లుమంది. విలేఖరి కెమెరా మూశాడు. "దిష్టి తగలకూడదని..." మునస్వామి గొణిగాడు. ఉద్యోగం పోయిందనుకుని ఇందు బొంగరాలు సంచిలో వేసుకోసాగింది.

"ఆగమ్మా," అంది సుభద్రమ్మ. "మొగ్గు కనబడితే దండ వేసేవాళ్లు కావలసినంత మంది. పీట తిప్పి చూసేవాళ్లే దొరకరు. రేపే చేరిపో."

తిరుగు బస్సులో ఇందు మేనమామకు కిటికీ సీటు ఇచ్చి, పీట తన ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు కట్టకపోయింటే నాకీ ఉద్యోగం లేదు మామా. నీ మేలు మరిచిపోను."

మునస్వామి చెయ్యి చాపి పీట కాళ్లు తడిమి చూశాడు.

"రెండో కాలికి గూడా కట్టింటే, ప్రిన్సిపాలు పోస్టే ఇచ్చిందురు."