బరంపురానికి గోధుమ జబ్బు రాదు

గంజాం జిల్లా వరి తినే జిల్లా. వరి తినేవాళ్లకు గోధుమ వల్ల జబ్బు రాదు. ఈ సిద్ధాంతాన్ని వైద్యశాస్త్రం ఇంకా ఒప్పుకోలేదు గాని, బరంపురంలోని ఒక పెద్దాసుపత్రి ఏనాడో అమల్లో పెట్టేసింది.

దానికి అడ్డుపడిన మనిషి రామతులసి. చికిటిలో పుట్టి, రైల్వే గుమస్తా కూర్మారావును పెళ్లాడి బరంపురం వచ్చిన తెలుగు పంతులమ్మ. తిన్నది ఒంటబట్టదు, కడుపుబ్బరం తగ్గదు, ఒంట్లో రక్తం చాలదు. పాఠం సగంలో కుర్చీ కోసం వెతుక్కునేది. పిల్లలకు అలవాటైపోయి, పద్యం రెండో పాదం దగ్గర కుర్చీ వాళ్లే జరిపేవారు.

డాక్టర్లు ఊరుకోలేదు. ఒకాయన గ్యాస్ అన్నారు, ఒకాయన నులిపురుగులన్నారు. మూడో ఆయన ఆలోచన ఎక్కువైందన్నారు (ఆయనకు మాత్రం ఆ జబ్బు లేదు). పేరు మీద ఏకాభిప్రాయం కుదరకపోయినా పథ్యం మీద అందరిదీ ఒకటే మాట: రాత్రిపూట అన్నం మాని తేలిగ్గా రెండు చపాతీలు తినమని. అత్త నీలమ్మ ఆ మాటను మందులకంటే గట్టిగా పట్టుకుంది. పొద్దున్న గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం బ్రెడ్డు, రాత్రి చపాతీ. కోడలు చిక్కిపోయినకొద్దీ చపాతీలు పెరిగాయి.

చివరికి సాబత్ అనే డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. గోధుమ పడక పేగు లోపల దెబ్బతినే సీలియాక్ అనే జబ్బు ఒకటుందని చెప్పి, రక్తపరీక్ష రాసింది. ఆసుపత్రిలో అప్పుడే 'సత్వర రోగనిర్ధారణ మెరుగుదల విభాగం' ప్రారంభమైంది. పరీక్షకు కావలసిన సరుకు మాత్రం ప్రారంభం కాలేదు. వచ్చాక రమ్మన్నారు.

ఈలోగా వేసవి సెలవులకు రామతులసి, ఉప్పు పండే హుమ్మలో మేనత్త కాసులమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడ ఏ పూటైనా అన్నమూ చేపల పులుసే. చపాతీలు ఒత్తే ఓపిక కాసులమ్మకు లేదు. మందులన్నీ చెయ్యలేని పని ఆ బద్ధకం చేసింది. కడుపు నెమ్మదించింది, ముఖంలోకి రక్తం వచ్చింది, ఉప్పుమడుల గట్ల మీద ఆయాసం లేకుండా తిరిగింది.

సంబరంగా పరీక్షకు వస్తే, విభాగం అధికారి అప్పయ్య ఆమెను చూసి దిగులుపడ్డాడు. గోధుమ మానేస్తే రక్తంలో జబ్బు జాడ చెరిగిపోతుందట. (ఈ ఒక్క విషయంలో ఆసుపత్రికీ వైద్యశాస్త్రానికీ పొత్తు కుదిరింది.)

"మీరు బాగున్నారమ్మా, సిక్కంతా అదే. నెలన్నర గోధుమలు తిని, జబ్బు తెచ్చుకుని రండి."

"మానేస్తే తగ్గిపోనాది కదండీ. అది రుజువు కాదేటి?"

"మీకు రుజువే. కంప్యూటరుకి కాదు."

జన్మంతా మానాల్సిన తిండిని ఊహ మీద మానకూడదని సాబత్ కూడా అనడంతో రామతులసి జబ్బుపడటానికి ఒప్పుకుంది. ఇంటిల్లిపాదీ శ్రద్ధగా సహకరించారు. కూర్మారావు తోడుగా తనూ చపాతీలే తిని, ఒళ్లు చేశాడు. ఆఫీసు నుంచి రాగానే ఆశగా అడిగేవాడు.

"ఏటి, వచ్చిందా?"

"వత్తంది."

వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తున్న కోడలిని చూసి, నీలమ్మ పిండి కలుపుతున్న చేతిని ఆపేసింది. "ఇన్నేళ్లూ నా సేత్తో నానే పెట్టినానే తల్లీ," అంది. రామతులసి ఆమె పక్కన కూలబడి, ఇంకొక్క వారం పెట్టండత్తా, ఆ తర్వాత మానేద్దురు గాని అని ఓదార్చింది.

పరీక్షలో జబ్బు బయటపడింది. గొట్టం వేసి పేగు ముక్క తీసి చూసినా అదే తేలింది. ఇంట్లో పాయసం కాచుకున్నారు (బియ్యంతోనే). కంప్యూటరు మాత్రం గంజాం జిల్లాకు ఈ జబ్బు లేదంది. అప్పయ్య మానవత్వంతో, చిరునామా గడిలో రామతులసిని పంజాబుకు మార్చాడు. కంప్యూటరు వెంటనే ఆమెను రోగిగా గుర్తించింది. అక్కడి భాష నేర్చుకోవాలా అని నీలమ్మ అడిగింది. అక్కర్లేదన్నారు.

గోధుమ ఇంట్లోంచి పోయింది. కొన్ని నెలలకు రామతులసి బడిలో నాలుగు పద్యాలు నిలబడే చెప్పింది. కుర్చీ జరిపిన పిల్లలకు ఏం చెయ్యాలో తోచలేదు.

ఇది రక్తసంబంధీకుల్లోనూ ఉండొచ్చని సాబత్ అన్నప్పుడు, చికిటిలో ఎప్పుడూ కడుపు పట్టుకుని ఉండే చెల్లెలు అమ్మడు గుర్తొచ్చింది. ఈసారి రామతులసి పొరపాటు చెయ్యలేదు. చెల్లెలి చేత గోధుమ మాన్పించకుండా, దారిలో బిస్కెట్లు కూడా తినిపించి తీసుకొచ్చింది.

వీళ్లు వచ్చేసరికి విభాగం తలుపుకు తాళం పడుతోంది. వార్షిక నివేదిక వెలువడిందట. రోగి పేరు కంప్యూటరులోకి ఎక్కిన క్షణం నుంచి లెక్కిస్తే జబ్బు తక్షణమే తేలిందనీ, ఇంతకంటే మెరుగుపరచడానికి ఏమీ మిగల్లేదనీ పైవాళ్లు తీర్మానించారు. అప్పయ్యకు శాలువా కప్పారు.

ఆయన శాలువా సర్దుకుని, అమ్మడి వంక జాలిగా చూశాడు.

"మా లక్ష్యం ఒక్క మనిషేనమ్మా. మీ అక్కతో అయిపోనాది."