రాయి కావడానికి పోటీ

ఆ ఉదయం అక్క పెట్టుకున్న పని ఒక్కటే. చెల్లి స్నానాల గదిలోంచి బయటకు వచ్చేలోగా కంపెనీ కారెక్కి స్టూడియోకి వెళ్లాలి. రచయితను ఒంటరిగా పట్టుకోవాలి. చెల్లిని రాయిగా మార్చేయమని అడగాలి.

ఇందులో మంత్రాలూ తంత్రాలూ ఏమీ లేవు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఏళ్లతరబడి ఒకే జానపద సీరియల్లో పెద్దరాణి, చిన్నరాణి వేషాలు వేస్తున్నారు. ఒక సింహాసనం, ఇద్దరు రాణులు, రోజూ సాయంత్రం అరగంట కొట్లాట. ఆ సీరియల్లో ఎవరూ చావరు. చచ్చినవాళ్లను మళ్లీ రప్పించడం కష్టమని రచయిత ఎవరినీ చంపడు, మార్చేస్తాడు. పెళ్లి చేసుకుని మానేసిన మంత్రి కూతురు చిలకైంది. డైరెక్టరుతో మాటా మాటా అనుకున్న సేనాపతి అద్దమై అంతఃపురం గోడకు వేలాడుతున్నాడు. రోజూ ఆలస్యంగా వచ్చే రాజగురువు దీపస్తంభమయ్యాడు. ఇప్పుడు అందరికంటే ముందే సెట్టు మీద ఉంటున్నాడు.

ముందురోజు సాయంత్రం నిర్మాత ఇద్దరు రాణులనూ పిలిచి, ఒక కోటలో ఇద్దరిని భరించడం ఇక తన వల్ల కాదన్నాడు. శుక్రవారం ఎపిసోడ్‌లో ఒకరు రాతిబొమ్మ అయిపోతారు. ఎవరన్నది రచయిత ఇష్టం. ఇంటికి వస్తూ కారులో ఇద్దరూ ఎంతో పెద్దమనసుతో మాట్లాడుకున్నారు. ఎవరు మిగిలినా ఒకటేనంది చెల్లి. మనలో మనకు పోటీ ఏమిటంది అక్క. ఇల్లు చేరగానే ఎవరి గదిలోకి వాళ్లు వెళ్లి గడియ పెట్టుకున్నారు.

అక్కకు ఈ వేషం తప్ప వేరే ఆధారం లేదు. నలభై దాటిన నటికి బయట దొరికేవి తల్లి వేషాలు, అవి కూడా మొదటి సీన్లోనే కన్నుమూసే తల్లులు. చెల్లి పరిస్థితీ అంతే. తనకింకా నలభై రాలేదని మాత్రం చెల్లి చెప్పుకుంటుంది.

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు వింటూ అక్క పిల్లిలా మెట్లు దిగింది. కింద కారు లేదు. చిన్నమ్మగారు తెల్లవారకముందే తీసుకువెళ్లారని వాచ్‌మన్ చెప్పాడు. అక్క మళ్లీ పైకి ఎక్కి స్నానాల గది తలుపు తోసి చూసింది. లోపల ఎవరూ లేరు. బకెట్టు నిండి పొర్లిపోతోంది. అక్క కుళాయి కట్టేసి, చెల్లి తెలివిని లోలోపల మెచ్చుకుంటూ, పైకి తిట్టుకుంటూ టాక్సీ ఎక్కింది.

రచయిత గది గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. అక్క లోపలికి, చెల్లి బయటికి.

"ఇంత పొద్దున్నే వచ్చావేంటక్కా? ఒంట్లో బాగానే ఉందా?"

"నీకు చెప్పి పోదామనే వచ్చా. కుళాయి కట్టడం మర్చిపోయావు."

చెల్లి ముఖంలో ఏమీ కదలలేదు. ఎంతైనా నటి.

రచయితకు ఒక పద్ధతి ఉంది. తన గదిలో ఎవరైనా కంటతడి పెడితే ఆ రోజంతా ఆయనకు కలం కదలదు. అందుకని ఎదురుగా కూర్చున్నవాళ్లు ఏది వినాలని వచ్చారో అదే చెప్పి సాగనంపుతాడు. అసలు నిర్ణయం వాళ్లు గుమ్మం దాటాక తీసుకుంటాడు. చెల్లికి ఈమధ్య మాటలు గుర్తుండటం లేదని, కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తే ఆమెకే మంచిదని అక్క ఎంతో ప్రేమగా విన్నవించుకుంది. రచయిత తల ఊపి, రాయయ్యేది చెల్లేనని మాట ఇచ్చి, బయటికి పొక్కనివ్వొద్దన్నాడు. కాసేపటి క్రితం అదే కుర్చీలో కూర్చుని అక్క మోకాళ్ల నొప్పుల గురించి బాధపడిన చెల్లికి, రాయయ్యేది అక్కేనని మాట ఇచ్చి ఉన్నాడు.

దాంతో ఆ పూటంతా సెట్టు మీద రాణులిద్దరూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. కత్తులు దూసుకునే సీన్లో కూడా ఆ జాలి పోకపోవడంతో డైరెక్టరు మళ్లీ మళ్లీ తీయించాడు.

భోజనాల వేళ అక్క దుస్తుల గది వైపు వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. లోపల చెల్లి ఒక స్టూలు మీద కూర్చుని, పెద్దరాణి నీలం అంగీని ఒళ్లో వేసుకుని, నడుము దగ్గర కుట్టు బిగిస్తోంది. ఆ కుట్టు వదులైందని నిన్న అక్క దుస్తులవాడి మీద విసుక్కుంది. చెల్లి అది విని గుర్తుపెట్టుకుందన్నమాట. నోట్లో దారం పెట్టుకుని, కళ్లు చిట్లించి, చిన్నపిల్లలా మూతి బిగించి కుడుతోంది. చిన్నప్పుడు చెల్లి గౌన్లన్నీ అక్క కుట్టినవే. అక్క కోసం చెల్లి సూది పట్టడం మాత్రం ఇదే మొదటిసారి.

 పొద్దున తాను చేసిన పని గుర్తొచ్చి అక్కకు తన మీద తనకే చీదర పుట్టింది. తిన్నగా రచయిత దగ్గరికి వెళ్లింది.

"చెల్లిని వదిలేయండి. నన్ను రాయిని చేయండి."

రచయిత కలం కింద పెట్టాడు. ఇన్నేళ్లలో చిలకను చేయొద్దని బతిమాలినవాళ్లున్నారు గానీ, రాయిని చేయమని అడిగినవాళ్లు లేరు. వేరే సీరియల్లో అవకాశం వచ్చిందా అన్నాడు. రాలేదంది. పెళ్లా అన్నాడు. అక్క చూసిన చూపుకు ఆ ప్రశ్న వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ ఏడవడం లేదు గనక సరేనన్నాడు. ముఖం అచ్చు తీసుకోమని బొమ్మలు చేసే మాస్టారుకు కబురు వెళ్లింది.

మాస్టారు పెద్దరాణి కిరీటం కొలత కోసం దుస్తుల గదికి వచ్చి, మాటల మధ్య చెల్లితో, మీ అక్కగారు ఎంత మంచి మనిషండీ, రాయిని చేయమని తనంతట తానే అడిగారట అన్నాడు. చెల్లి చేతిలో సూది ఆగిపోయింది.

అక్క రాయవుతుందని చెల్లికి పొద్దున్నుంచీ తెలుసు. అది సంతోషించాల్సిన విషయమే. కానీ తనంతట తాను అడిగిందంటే? పొద్దున టాక్సీ కట్టించుకుని పరిగెత్తుకొచ్చిన మనిషి, మధ్యాహ్నానికి రాయిని చేయమని అడిగిందంటే ఊరికే అడగదు. చెల్లి సూది గుచ్చినచోటే వదిలేసి ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ అన్నీ అర్థమయ్యాయి. బొమ్మ కోట మధ్యలో ఉంటుంది. ప్రతి సీన్లోనూ కనబడుతుంది. రాజు దాని కాళ్లు పట్టుకుని ఏడుస్తాడు. ఒక్క మాట కూడా బట్టీ పట్టక్కర్లేదు. ఆ తర్వాత ఒకరోజు పిడుగు పడి రాయి పగులుతుంది. లోపల్నుంచి పెద్దరాణి రెట్టింపు శక్తులతో, వీలైతే తక్కువ వయసుతో బయటకు వస్తుంది. ఈ సంగతి రచయిత అక్కకు చెప్పేశాడు. తనకు చెప్పలేదు.

చెల్లి అచ్చుల గదికి చేరేసరికి రచయిత, డైరెక్టరు, అక్క అక్కడే ఉన్నారు. తనను రాయిని చేయమంది చెల్లి. అక్కకు మోకాళ్ల నొప్పులని, అంతసేపు నిలబడలేదని కారణం చెప్పింది. నిలబడేది ప్లాస్టరు బొమ్మే కదా అన్నాడు డైరెక్టరు. అయినా సరేనంది చెల్లి.

"పిచ్చిదానా, నీ కోసమే ఒప్పుకున్నానే," అంది అక్క.

"నా కోసమా? ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి. నా అంగీ కుడుతున్నావు కదా, తలుపు సందులోంచి చూశాను. నా నడుము కుట్టు వదులైందని…"

చెల్లి తడబడింది. సమయానికి అబద్ధమేదీ తట్టలేదు.

"నువ్వు రాయైపోతే ఆ అంగీ నాకే ఇస్తారు కదా. నా నడుముకి సరిపెట్టుకుంటున్నా."

 మాస్టారు తొట్టెలో ప్లాస్టరు కలపడం మొదలుపెట్టాడు. అక్క చెల్లి ముఖంలోకి చూసింది. జీవితంలో ఒక్కసారి నిజంగా చెల్లి మేలు కోరింది. ఆ ఒక్కసారే చెల్లి నమ్మలేదు. ఇప్పుడు వెనక్కి తగ్గితే, ఇదంతా నాటకమేనని చెల్లి జీవితాంతం అంటుంది. పైగా చెల్లి ఇంతలా ఎగబడుతోందంటే రాయిలో నిజంగానే ఏదో ఉందేమో. రచయిత చెల్లికి ఏం చెప్పాడో.

"అయితే నేనే అవుతా," అంది అక్క. "ఇక నీ కోసం కాదు."

డైరెక్టరు ఇద్దరినీ విడివిడిగా అడిగాడు, ఎవరి బలవంతమూ లేదు కదా అని. లేదని ఇద్దరూ అందరి ముందూ గట్టిగా చెప్పారు. రచయిత ఈలోగా బయటకు వెళ్లి నిర్మాతకు ఫోన్ చేశాడు.

కలిపిన ప్లాస్టరు గట్టిపడిపోతోందని మాస్టారు తొందరపెట్టాడు. ఉన్న ఒక్క కుర్చీ కోసం పేచీ రావడంతో బల్ల ఒకటి తెచ్చి ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి, ముక్కుల్లో గొట్టాలు పెట్టి, ముఖాల నిండా తెల్లగా మెత్తాడు. చూపు లేదు, మాట లేదు. పుట్టి బుద్ధెరిగాక వాళ్లిద్దరూ అంతసేపు దెబ్బలాడుకోకుండా కూర్చున్నది అప్పుడే. కాసేపటికి చెల్లి చెయ్యి బల్ల మీద తడుముకుంటూ వచ్చి అక్క చేతిని పట్టుకుంది. ప్లాస్టరు కింద అక్క కళ్లు చెమర్చాయి. చెయ్యి మరి కాసేపు అలాగే ఉండి, అక్క లేచి ఎక్కడికీ పోలేదని రూఢి చేసుకుని వెనక్కి వెళ్లిపోయింది.

అచ్చులు ఊడదీసేసరికి ఎదురుగా నిర్మాత చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం అంత కళకళలాడటం ఇద్దరూ ఎన్నడూ చూడలేదు. ఇద్దరి మనవీ మన్నించానన్నాడు. శుక్రవారం రాణులిద్దరూ ఒకరినొకరు శపించుకుని ఇద్దరూ రాళ్లైపోతారు. సింహాసనం అంతఃపురం వంటకత్తెకు దక్కుతుంది. ఆ వేషం వేసే అమ్మాయిని అప్పటికే పిలిపించి చూశారట. నీలం అంగీ ఆమె నడుముకు అతికినట్టు సరిపోయిందట.

రాళ్లు మళ్లీ ఎప్పుడు మనుషులవుతాయని చెల్లి అడిగింది. రచయిత ఇద్దరి కళ్లలోకీ అనుమానంగా చూసి, అతి త్వరలోనే అన్నాడు.

కంపెనీ కారు ఆ సాయంత్రం వంటకత్తెను దింపడానికి వెళ్లింది. అక్కాచెల్లెళ్లు టాక్సీలో వెనక సీట్లో చెరో కిటికీ పక్కనా కూర్చున్నారు. ఇద్దరి చెవుల వెనకా ప్లాస్టరు మరకలున్నాయి. సగం దారి దాటాక చెల్లి కిటికీలోంచి బయటకు చూస్తూనే మెల్లగా అడిగింది.

"ఇప్పుడైనా నిజం చెప్పక్కా. నీకేం చెప్పాడు?"

"ఏమీ చెప్పలేదే."

"చెప్పవులే."

అక్క తన కిటికీ వైపు తిరిగింది. తానూ అదే అడుగుదామనుకుంటోంది.

శుక్రవారం రెండు బొమ్మల్నీ ఎదురెదురుగా నిలబెట్టి తీశారు. అక్కాచెల్లెళ్ల సీను ఒక్క టేకులో ఓకే కావడం సీరియల్ మొదలైన దగ్గర్నుంచి ఇదే మొదటిసారని డైరెక్టరు మెచ్చుకున్నాడు.