గుమ్మంలో పడ్డ గుర్రం

పొద్దున్నే కాఫీ తాగుతూ సినిమా హాలు మేనేజరు తన పథకాన్ని భార్యకు వివరించాడు. కౌబాయ్ సినిమా మొదటి ఆట. హాలు ముందు గుర్రం. పక్కన టోపీ పెట్టుకుని బావమరిది. బొమ్మ తుపాకి ఢామ్మనగానే జనం తోసుకుంటూ లోపలికి!

"ఇవాళ హాలు నిండకపోతే గోడౌను చేసేస్తానన్నాడు ఓనరు. నా ఉద్యోగం మీ తమ్ముడి చేతిలో ఉందే!"

"అయితే నేనూ వస్తానండీ. చూసి తీరాలి," అంది ఆవిడ. ఆవిడ కొత్త కర్టెను అప్పటికే తమ్ముడి మెడలో రుమాలైంది.

గుర్రాన్ని బావమరిదే బేరమాడాడు. అది షూటింగుల్లో చేసి రిటైరైన గుర్రం. అక్కడ ఏం చేసేదో మాత్రం ఎవరూ అడగలేదు. గుర్రమాయన దాన్ని హాలు ముందు నిలబెట్టి టీకి వెళ్ళాడు. బావమరిది తుపాకి పేల్చాడు. గుర్రం దీనంగా సకిలించి, కాళ్ళు మడిచి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా కూలిపోయింది.

"అయ్యో, చంపేశాడ్రా!" అని ఎవరో కేక పెట్టారు.

"ఒరేయ్, ఏం చేశావురా?"

"బొమ్మ తుపాకి బావా! కావాలంటే చూడు," అని బావమరిది మళ్ళీ పేల్చాడు. వృత్తిధర్మం తెలిసిన గుర్రం గిలగిలా కొట్టుకుని కళ్ళు తేలేసింది.

చూసినవాళ్ళు చూడనివాళ్ళకు చెప్పారు. జనం షాపులు వదిలి, బస్సులు దిగి వచ్చారు. టికెట్లు కొన్న నలుగురూ లోపలికి దారేదని గోల. మేనేజరు గుర్రం చెవి దగ్గర కూర్చుని, "లేవవే తల్లీ, పిల్లలు గలవాణ్ణి," అని బతిమాలసాగాడు.

కారుకు దారి లేక ఓనరు నడిచొచ్చాడు. "సినిమాకి ప్రచారమా, గుర్రానికి సంతాపసభా?"

అప్పుడొచ్చాడు గుర్రమాయన, టీ గ్లాసుతో. "ఎవరూ కట్ చెప్పలేదా? పాపం, ఎంతసేపని చస్తుంది?" అని, "కట్!" అన్నాడు. గుర్రం లేచి దుమ్ము దులుపుకుంది.

జనం చప్పట్లు కొట్టి, ఉచితంగా చూడాల్సింది చూసేశాం కదా అని ఇళ్ళదారి పట్టారు. మేనేజరు చేతులు అడ్డం పెట్టినా ఎవరూ ఆగలేదు. భార్య గబగబా మెట్టెక్కింది.

"ఆగండాగండి! ఇది ట్రైలరే. అసలు చావు లోపల! టికెట్టుంటేనే!"

హాలు కిక్కిరిసింది. తెరమీద తుపాకి పేలినప్పుడల్లా తెరముందు గుర్రం చచ్చింది, గుర్రమాయన బతికించాడు. హీరోని ఒక్కరూ చూడలేదు.

"గోడౌను మాట మర్చిపోవయ్యా," అన్నాడు ఓనరు, మేనేజరు భుజం తట్టి. "కానీ వచ్చేవారం సినిమాకీ గుర్రం ఉండాల్సిందే."

వచ్చేవారం అత్తాకోడళ్ళ సినిమా. తుపాకి ఎవరికివ్వాలో భార్యను అడగడానికి మేనేజరుకు ధైర్యం చాలడం లేదు.