పద్నాలుగు పాదాల గుడ్డ

సకల జనుల సమ్మెతో కాలేజీ మూతపడింది. కోరుట్ల ఇంగ్లీషు లెక్చరర్ యాదగిరి పొద్దున్నే నిర్ణయించుకున్నాడు: శుక్రవారం జగిత్యాల సభలో తన సానెట్‌ను పది గజాల గుడ్డ మీద నేయించి, అది చూసి చదవాలి. సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం. పన్నెండేళ్లుగా రాస్తున్నాడు. ఆరో పాదం దాటేదాకా కూర్చున్న శ్రోత ఇంతవరకు పుట్టలేదు. ఈసారి పద్నాలుగో పాదం దాకా జనాన్ని లేవనివ్వకూడదని పంతం.

ఏ పాదం చివర ఏ పాదంతో కలవాలో కాగితం మీద ముందే అక్షరాలతో రాసుకోవడం ఆయన అలవాటు: క, చ, క, చ; ట, త, ట, త... పద్యం వెనకవైపు. నకలైనా తీయకుండా ఆ కాగితాన్నే సిరిసిల్ల పోయే మోటార్‌సైకిల్ మీద, అక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే రాజనర్సుకు పంపాడు. "కాగితంల ఉన్నది ఉన్నట్టు గుడ్డ మీదికి రావాలె" అని కబురు. బస్సులు బంద్. మిగతాదంతా ఫోన్లోనే.

"ఎన్నయినయ్ రాజనర్సన్నా?"

"పద్నాలుగుకు ఎనిమిది, సారూ. కరెంటు ఉంటలేదు."

"ఒకటోది మూడోదానితోని కలుస్తున్నదా?"

"పోగంత తేడా లేదు."

"ఇటలీ పద్ధతి గాదు, ఇంగ్లండుది. ఆఖరి రెండు జంటగుండాలె."

"ఏ దేశానిదైతేంది సారూ, నేసేది సిరిసిల్లల."

మూడో తరగతి చదివినవాడికున్న కవితాజ్ఞానం తన ప్రిన్సిపాలుకు లేదని యాదగిరి మురిసిపోయాడు.

శుక్రవారం వేదిక మీద యాదగిరి పేరు పిలిచాక గుడ్డ చుట్టతో రాజనర్సు చేరాడు. విప్పారు. పద్నాలుగు రంగుచారలు. ఒక్క అక్షరం లేదు.

"పద్యమేదయ్యా?" యాదగిరి మైకులోనే అడిగేశాడు.

"చారల లెక్క మేము గట్లనే రాసుకుంటం సారూ, రంగుకో అక్షరం. ఎనుకున్నది మీ ఇంట్ల మేడంకు రాసిన ఉత్తరమనుకున్న. ఒకల ఉత్తరం సదువుడు పద్ధతి గాదు."

"కాగితమన్న తెచ్చినవా?"

"సాంచెకు అతికిచ్చి ఉన్నది."

యాదగిరి గుర్తున్నంత చదివాడు. రెండు పాదాలు. ముందు వరుస చాయకు లేచింది. సభ నడిపే టైలర్ ఖుర్షీద్ మైకు లాక్కుని రాజనర్సు చేతిలో పెట్టాడు. "నేసినోనివి నువ్వే, సదువు కాకా! జనం పోతున్నరు!"

రాజనర్సు మితభాషి. గుడ్డ మీద ఉన్నదే చదివాడు. "ఎరుపు. తెలుపు. ఎరుపు. తెలుపు." లేచినవాళ్లు ఆగారు. "పసుపు. నీలం. పసుపు. నీలం." వెనకవాళ్లు అందుకున్నారు. "నలుపు. ఊదా. నలుపు. ఊదా." చాయ గ్లాసులతో సహా జనం తిరిగొచ్చారు. "ఆకుపచ్చ. ఆకుపచ్చ. ఇగ అంచు." ఈలలే ఈలలు. యాదగిరికని తెచ్చిన శాలువా రాజనర్సు భుజాన పడింది. వచ్చేవారం కోరుట్ల సభకు కూడా "కవిగారే" రావాలని ఖుర్షీద్ ప్రకటించాడు.

మర్నాడు ఆ గుడ్డను దీక్షా శిబిరానికి పందిరిగా కట్టారు. ఎండ మండుతోంది. చివరి జంట చారల కింద నీడ చిక్కగా ఉందని జనమంతా అక్కడికే జరిగారు. యాదగిరి కూడా జరిగాడు.

సాయంత్రం దాకా పద్నాలుగో పాదం దగ్గర నుంచి ఎవరూ లేవలేదు.