మూడో వంతు యువరాజు

భూమ్మీద ఇంతవరకూ పుట్టిన చట్టాలన్నిటిలోనూ ఫ్రాంకుల వారసత్వ చట్టమంత న్యాయమైనది మరొకటి లేదు. రాజు పోతే రాజ్యాన్ని కొడుకులందరికీ సమానంగా పంచాలి. పెద్దవాడని ఎక్కువ లేదు, చిన్నవాడని తక్కువ లేదు, తెలివితక్కువవాడని అడ్డు అసలే లేదు. (ఈ చివరి వెసులుబాటు వల్లే తనకూ ఒక రాజ్యం దక్కిందని ఔడోమర్ రాజు తరచూ అంటుండేవాడు. కొలువులో అందరూ నవ్వేవారు. కాదనేవారు మాత్రం కనబడలేదు.)

ఔడోమర్ తండ్రి సిగిమర్ మహారాజు తన కాలంలో అన్నలతో పంచుకున్న రాజ్యాన్ని ఎంతో ఓర్పుతో మళ్ళీ ఒక్కటి చేశాడు. ఆయన అన్నలు ఒకరి తర్వాత ఒకరు వేటకు వెళ్ళి అడవిపందుల బారిన పడ్డారు. ఆ రోజుల్లో అడవిపందులు బల్లేలు విసరడంలో ఆరితేరి ఉండేవి, అదీ వెనకనుంచి. సిగిమర్ ప్రతి అంత్యక్రియకూ వెళ్ళి అందరికంటే గట్టిగా ఏడ్చాడు, వదినలను ఓదార్చాడు, ఓదార్పు సరిపోని ఒక వదినను పెళ్ళి కూడా చేసుకున్నాడు. అలా దేవుడి దయవల్ల ఒక్కటైన రాజ్యాన్ని, ఆయన కన్ను మూయగానే చట్టం మళ్ళీ మూడు ముక్కలు చేసింది.

ముక్కలంటే మామూలు ముక్కలు కావు. పంపకాల పెద్దలు అడవిని మూడు చేశారు, ద్రాక్షతోటల్ని వరసకొకటిగా పంచారు, ఉప్పుమళ్ళను ఆటుపోట్ల లెక్కన విడదీశారు. అంతా అయ్యాక ఔడోమర్ వాటా చిమ్మెటలు కొట్టిన కంబళిలా తేలింది. పడకగది ఆయనది. దాన్ని ఆనుకుని ఉన్న స్నానాలగది రెండో అన్న గుంతార్‌ది. అంటే ఆయన స్నానం చెయ్యాలంటే పరదేశయాత్ర చెయ్యాలి. అందుకే పెద్దగా చేసేవాడు కాదు, దాన్ని రాజనీతి అనేవాడు.

నోవియాకం నగరం ఒక్కటే పంపకానికి లొంగలేదు. ఆ ఊళ్ళో పునీత మెలారియస్ సమాధి ఉంది. పునీతుణ్ణి మూడు చెయ్యడానికి బిషప్పు ససేమిరా అన్నాడు. (కాలివేళ్ళ వరకైతే ఆలోచిస్తానన్నాడట.) దాంతో నగరం ఉమ్మడి అయింది. పెద్దన్న హెరిబల్డ్ ఎక్కడ దొంగచాటుగా దూరి దాన్ని కాజేస్తాడోనన్న భయంతో, నియమాలు తానే చెబుతానని ఔడోమర్ ముందుకొచ్చాడు. ముగ్గురిలో తెలివైనవాడు ఆయనేనని ఆయన గురువులు అనేవారు. వాళ్ళు ఆయన ఇంట్లోనే భోంచేసేవారు.

నియమాలు చక్కగా కుదిరాయి. మిగతా ఇద్దరూ ఒప్పుకోనిదే ఏ రాజూ నగరంలో కాలు పెట్టకూడదు. పెడితే వాటా పోతుంది, పునీతుడి శాపం తగులుతుంది. నగరంలో పుట్టిన ప్రతి ప్రాణీ ముగ్గురికీ సమానం. ముగ్గురూ సరే అననిదే ద్వారం దాటకూడదు. ఇక ఒక్క రాజుకే చెందినదేదీ నగరంలో నిలవకూడదు. ఉంటే పొద్దు వాలేలోపు బయటికి నెట్టాలి. అన్న గుర్రాలు తెచ్చి కట్టేస్తాడనీ, ఆవుల్ని ఈనిపించుకుపోతాడనీ ఔడోమర్ ఇంత దూరం ఆలోచించాడు. రాణుల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ తట్టని సందులోంచే రాణి బెర్తోవార లోపలికి వెళ్ళింది. ఆమె ఉన్ని దువ్వేవాళ్ళింటి పిల్ల. ఔడోమర్ జీవితంలో ఎవరినీ సలహా అడక్కుండా చేసిన మంచి పని ఆమెను పెళ్ళాడడం ఒక్కటే. పదేళ్ళకు కడుపు పండింది. సుఖంగా కాన్పు కావాలని పునీతుడికి మొక్కుకోవడానికి వెళ్ళి, ఇంకా నెలరోజులు ఉందనుకుంటుండగా, సమాధి మెట్ల మీదే నొప్పులు పడి మగబిడ్డను కన్నది.

కబురు అందగానే ఔడోమర్ గుర్రాన్ని చచ్చేలా తోలుకుంటూ వచ్చి నగరద్వారం ముందు దిగాడు. వెంట గుర్రాల పెద్ద బోదో ఒక్కడే. ఆదివారం నాడు బాప్తిస్మం. ఆలోగా తండ్రి తన చేతులతో బిడ్డను పైకెత్తి, నలుగురూ వినేలా పేరు పెట్టాలి. ఎత్తకపోతే వాడు తండ్రి ఎరగని బిడ్డ. వాడి తల గొరిగించి ఏదో ఒక మఠానికి ఇచ్చేస్తారు. వారసుడు లేని ఔడోమర్ రాజ్యం అన్నలకు పోతుంది. అప్పటికి శుక్రవారం మధ్యాహ్నమైంది.

ద్వారం దగ్గర ప్రోకులస్ అనే రోమన్ కూర్చుని ఉన్నాడు. ఆయన హోదా ఉమ్మడి ద్వార సంరక్షకుడు. ముగ్గురు రాజుల జీతం తింటూ ముగ్గురికీ సమానంగా అడ్డుపడే మనిషి.

"నా కొడుకుని చూడాలయ్యా," అన్నాడు ఔడోమర్.

"అయ్యో, దానికేం భాగ్యం ప్రభూ. తమ వాటా వరకు చూడొచ్చు."

"నా వాటా ఏంటి?"

"మూడో వంతు. బిడ్డ నగరంలో పుట్టాడు కదండీ."

"నేనన్నది దూడల గురించయ్యా!"

"ప్రతి ప్రాణీ అని చెప్పారు ప్రభూ. దూడలని తమరు మనసులో అనుకుని ఉండొచ్చు. మనసులో అనుకున్నవాటిని అమలు చేసే ఏర్పాటు మా దగ్గర లేదు."

"ఏ వెధవ పెట్టాడు ఈ నియమం?"

ప్రోకులస్ మర్యాదగా నేలవైపు చూశాడు. బోదో దగ్గాడు.

"నేనే కదూ?" అన్నాడు ఔడోమర్.

"తమరే దొరా," అన్నాడు బోదో. "ఆ పూట మీకు మీరే చప్పట్లు కూడా కొట్టుకున్నారు."

ప్రోకులస్ మాట తప్పే మనిషి కాదు. మూడో వంతు చూపిస్తానన్నాడు కాబట్టి చూపించాడు. కాసేపటికి కోటగోడ మీదికి మంత్రసాని వచ్చి, మూటగట్టిన బిడ్డను గోడ అంచున ఆనించి, గుడ్డ కాస్త పైకి తీసింది. మోకాళ్ళ కింది భాగం బయటపడింది. తల పెద్ద రాజుగారి వంతనీ, మొండెం రెండో రాజుగారి వంతనీ ప్రోకులస్ కిందనుంచి వివరించాడు. అవి ఎర్రటి, ముడతలు పడ్డ, బొటనవేలంత పాదాలు. వాటిలో ఒకటి గాలిని తన్నింది.

ఔడోమర్ ఏడ్చేశాడు. రాజునన్న సంగతి, నియమాలు తానే చెప్పిన సంగతి, కావలివాళ్ళు చూస్తున్న సంగతి అన్నీ మరిచిపోయి, ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు. పదేళ్ళు ఎదురుచూసిన బిడ్డ నిలువెత్తు దూరంలో ఉంటే చెయ్యి చాచలేని తండ్రి తానొక్కడేనేమో అనిపించింది. "వేళ్ళు అచ్చం నావేరా బోదో," అన్నాడు.

"ఆ పోలిక పోయేది కాదు దొరా. పాపం," అన్నాడు బోదో.

శనివారం పొద్దున అన్నలిద్దరూ అభినందించడానికి దిగారు. ముగ్గురు రాజులకూ ద్వారం ముందు ఒకే ఎత్తు పీటలు వేశారు. (హెరిబల్డ్ పీట కింద ఎవరో చిన్న పలక దోపారు. గుంతార్ మనిషి దాన్ని లాగేశాడు. ఆ పనుల్లో ఒక పూట గడిచింది.) ఫ్రాంకు రాజుకు కత్తెర తగలని జుట్టే కిరీటం. నలుగురు కొడుకుల తండ్రి హెరిబల్డ్‌కు అది నడుము దాటింది. పిల్లలు లేని గుంతార్‌కు జబ్బల దాకా ఉంది. ఔడోమర్‌ది మెడ దగ్గరికొచ్చి తనంతట తానే విరమించుకుంది.

"అనుమతి ఇవ్వండన్నయ్యా," అన్నాడు ఔడోమర్. "ఒక్క గంట చాలు. ఎత్తుకుని, పేరు పెట్టి, వచ్చేస్తాను."

"ఇవ్వనని ఎవడన్నాడ్రా?" అన్నాడు హెరిబల్డ్. "నీ కొడుకు నా కొడుకు కాదూ? కాకపోతే అనుమతి మార్చి నెలలో మైదానంలో జరిగే కొలువున, యోధులందరి ముందూ ఇవ్వాలి. ఆ ముక్క నువ్వే పెట్టించావు. నేను తూచా తప్పనివాణ్ణి."

"ఇప్పుడు మే నెల కదన్నయ్యా!"

"మార్చి మళ్ళీ వస్తుందిలే. ఎక్కడికి పోతుంది?"

ఔడోమర్ గుంతార్ వైపు తిరిగాడు. గుంతార్ మహాభక్తుడు, ఏ పని చెయ్యకుండా ఉండాలన్నా ముందు ప్రార్థన చేసేవాడు. "నీ బాధ నాకు తెలుసు తమ్ముడూ. నీకోసం ప్రార్థన చేస్తాను," అన్నాడు.

"మరి అనుమతి?"

"దాని కోసం కూడా చేస్తాను."

ఔడోమర్ గోడవైపు చూశాడు. పైన ఎవరూ లేరు. తర్వాత లేచి, తన మెడ మీది పలచటి జుట్టును పిడికిట పట్టుకున్నాడు. "ఇది లేకపోతే నేను రాజును కాను. రాజును కాకపోతే నియమం నాకు తగలదు. కూరగాయలవాడిలాగా నడిచి లోపలికి పోతాను. రాజ్యం మీరే తీసుకోండి, నా కొడుకుని నాకు వదిలెయ్యండి. ఈ కాసిన్ని వెంట్రుకలకు ఇంత గొడవెందుకన్నయ్యా? పేలు కూడా నన్ను రాజుగా గుర్తించలేదు."

నవ్వించడానికి అన్నట్టే ఉన్నా, ఆయన నిజంగానే అన్నాడు. ఆ సంగతి హెరిబల్డ్‌కు వెంటనే అర్థమై, నడుముసంచిలోంచి కత్తెర తీశాడు. (తమ్ముళ్ళను చూడబోయేటప్పుడు కత్తెర వెంట ఉంచుకోవడం ఆ వంశంలో పెద్దరికం.)

"ఏమయ్యా రాజా! ఆ తల ముట్టుకోనిచ్చావో, నా గడప తొక్కనియ్యను!"

అరిచింది బెర్తోవార. ద్వారం పైని బురుజు కిటికీలోంచి, ఒళ్ళో బిడ్డతో, ఉన్ని శాలువా తలకు చుట్టుకుని సగం బయటికి వంగి ఉంది. పచ్చి బాలింతరాలి గొంతులా లేదది. "ప్రోకులస్! ఈ బిడ్డలో మా బావగార్లకు చెరో వంతు ఉందన్నమాట ఖాయమేనా?"

"ఖాయం రాణీ."

"అయితే నాకు సమ్మతమే! పెద్దబావగారూ, నా బిడ్డకు మీరూ తండ్రే. చిన్నబావగారూ, మీరూనూ. ఒకడికి ముగ్గురు నాన్నలు! ఎంత పుణ్యం చేసుకున్నాడో వెధవ! రేపు పునీతుడి ఎముకల మీద ముగ్గురూ ప్రమాణం చేసెయ్యండి, నేను చూసి సంతోషిస్తాను."

హెరిబల్డ్ చిరునవ్వు నవ్వబోయి, మధ్యలో ఆగాడు. "ప్రమాణం చేస్తే ఏమవుతుంది?" అని ప్రోకులస్‌ను అడిగాడు.

"ఏమీ కాదు ప్రభూ. తమకు నలుగురు కొడుకులు కదా, ఐదుగురవుతారు. తమ రాజ్యం ఐదు వాటాలవుతుంది, అంతే."

"నాకు?" అన్నాడు గుంతార్.

"తమకు ఒక్కడే కొడుకవుతాడు ప్రభూ. వాటాల బాధే ఉండదు. మొత్తం ఆ బిడ్డదే."

గుంతార్ ప్రార్థన లేకుండానే లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత జరిగినదాన్ని వేగమనడం చాలదు. మార్చి నెల ఊసు ఎవరూ ఎత్తలేదు. బిషప్పు ఎముకల పెట్టెను ద్వారం దాకా మోసుకొచ్చాడు. అన్నలిద్దరూ చెరొక మూలా చెయ్యి వేసి, ఆ బిడ్డ నఖశిఖపర్యంతం ఔడోమర్ కొడుకేననీ, వాడిలో తమకు వెంట్రుకంత వాటా కూడా లేదనీ గొంతు చించుకుని ప్రమాణం చేశారు. వెంట వచ్చిన యోధులంతా అవునంటే అవునని డాళ్ళు మోగించారు. తన కొడుకు తన కొడుకేనని ఔడోమర్ నోరు తెరిచి ఒక్క మాటా అనాల్సిన అవసరం రాలేదు.

"ఇక నేను లోపలికి వెళ్ళొచ్చా?" అన్నాడు ఆశగా.

"కుదరదు ప్రభూ," అన్నాడు ప్రోకులస్. "తమరికి అనుమతి రాలేదు. కానీ ఇప్పుడు ఇంకో చిక్కొచ్చింది. బిడ్డ ఉమ్మడి కాడని తేలింది. ఒక్క రాజుకే చెందినది నగరంలో నిలవకూడదు. పొద్దు వాలేలోపు బయటికి నెట్టాలి."

"ఆ నియమం కూడా నాదేనా?"

"తమదే ప్రభూ. దాన్లోనే అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టారు."

అలా ఫ్రాంకుల చరిత్రలో మొదటిసారిగా ఒక ఏడు రోజుల పసికందును నగరబహిష్కారం చేశారు. ఇద్దరు కావలివాళ్ళు బల్లేలు పట్టుకుని ముందు నడిచారు. ఆక్రమణదారుడు మంత్రసాని చేతుల్లో ఆవలిస్తూ వచ్చాడు. వెనకాలే బెర్తోవార, తనను ఎవరూ నెట్టకుండానే, తన కాళ్ళ మీద తాను నడిచి వచ్చింది. ఔడోమర్ రెండు చేతులూ చాచాడు. బిడ్డ బరువే లేడు, వేడిగా ఉన్నాడు, ఈసారి తలా మొండెమూ కూడా ఉన్నాయి. వాణ్ణి పైకెత్తి, నలుగురూ వినేలా తన తండ్రి పేరే, "సిగిమర్" అని పెట్టాడు. తన జీవితంలో ఇంతకంటే మంచి రోజు లేదనుకున్నాడు. అది నిజం కూడా.

"నీ తెలివికి దండం పెట్టాలే," అన్నాడు పెళ్ళాంతో.

"నీ తెలివికి పెట్టు ముందు. నువ్వు గీసిన గీతల్లోంచే కదా నడిచొచ్చాను," అంది బెర్తోవార. కంటి నీరు మాత్రం శాలువా చెంగుతో ఒత్తుకుంది.

మర్నాడు బాప్తిస్మం నగరం బయట, ఏటి ఒడ్డున వేసిన డేరాలో జరిగింది. విందు వేళకు హెరిబల్డ్ మనిషి కానుక పట్టుకొచ్చాడు: జానెడు వెండి బల్లెం. దాంతోపాటు అన్నగారి మాట కూడా చెప్పాడు. "పిల్లవాడికి నడక రాగానే మా అడవికి వేటకు పంపించు తమ్ముడూ. ఈ ఏడు పందులు బాగా ఎదిగాయి."

ఔడోమర్ కొడుకు పాదాలను కంబళిలోకి దోపి, కానుక ఎంతో బాగుందని చెప్పి, అలాంటి బల్లేలే నాలుగు చేయించమని కంసాలికి కబురు పెట్టాడు. తమ అడవిలోనూ పందులకు కొదవ లేదనీ, అన్నగారి పిల్లలు నలుగురూ తప్పక రావాలనీ పిలుపు పంపాడు. ఫ్రాంకుల చట్టంలో అన్నదమ్ముల మధ్య అన్నీ సమానమే.