ఖాతా విముక్తి వారోత్సవాలు

"ఈ మండలంలో ఒక్క ఖాతా కూడా జప్తులో ఉండటానికి వీల్లేదు! ఉంటే నేను చైర్మన్‌గా ఉండను!"

కొండప్రాంత రుణ ఊరట మండలి చైర్మన్ వంతల లక్ష్మీప్రసాద్ గారు డుంబ్రిగుడ సంతలో ఈ చారిత్రక ప్రకటన చేశారు. అదృష్టవశాత్తూ రెండో వాక్యం దగ్గర మైకు పనిచేయలేదు. అల్లం బేరం చేస్తున్నవాళ్ళు కూడా బేరం ఆపి చప్పట్లు కొట్టారు. అదే వేదిక మీద చైర్మన్ గారు వారం రోజుల పాటు 'ఖాతా విముక్తి వారోత్సవాలు' జరుగుతాయని సెలవిచ్చారు.

నాకు బ్యాంకు ఎదురుగా జిరాక్స్ షాపు ఉంది. పేజీకి రెండు రూపాయలు. కొత్త పథకం ఏదొచ్చినా మొదటి లబ్ధిదారుణ్ణి నేనే. కాబట్టి చైర్మన్ గారి గురించి నేను రాసేదాంట్లో కాస్త అభిమానం ఎక్కువైతే పాఠకులు మన్నించాలి.

వారోత్సవాల తొలి లబ్ధిదారుగా పాంగి రత్నాలును ఎంపిక చేశారు. రత్నాలు ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుంది. నూట నలభై మంది పిల్లలకు రెండు పూటలా అన్నం వండి వారిస్తే నెలకు తొమ్మిది వేల ఐదు వందలు. రెండేళ్ళ క్రితం ఆమె తమ్ముడు సుక్రు, బొర్రా గుహలకు టూరిస్టులను తిప్పుతానని ఫైనాన్సులో జీపు కొన్నాడు. రత్నాలు జామీను సంతకం పెట్టింది. జీపు మొదటి వానలకే లోయలో పడింది. సుక్రు ముందే దూకేశాడు. ఆ ఊపులోనే కేరళ వెళ్ళిపోయాడు. వాయిదాలు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. ఫైనాన్సువాళ్ళు సాలూరు కోర్టుకెక్కారు. నోటీసులు వచ్చాయి. చదువురాని రత్నాలు వాటిని భద్రంగా దాచిపెట్టింది. చివరికి బ్యాంకుకు ఆర్డరొచ్చింది: ఈమె ఖాతాలోని సొమ్ము కదలనివ్వరాదు.

ఆ సంగతి తెలియక ఆమె మొదట నా దగ్గరికే వచ్చింది.

"స్వామిబాబూ, డబ్బులు పడ్డాయని ఫోను సెప్తంది. నేవంటే నేవని మిసను సెప్తంది. ఇద్దర్లో ఎవులు అబద్ధమాడతన్నారు?"

అప్పటికి మూడు నెలల జీతం అలా ఆగిపోయింది. అదొక్కటే అయితే రత్నాలు ఎలాగో లాక్కొచ్చేది. బడి వంటగది ఉంది, పెరట్లో చిక్కుడు ఉంది. కానీ కూతురు జీవితకు నర్సింగులో సీటొచ్చింది. వచ్చే నెల ఇరవయ్యో తేదీ లోపు పన్నెండు వేలు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

ఇంత కష్టంలోనూ రత్నాలు నవ్వుతూనే ఉండేది. వారోత్సవాలకు అదే ఆటంకమైంది.

"అమ్మా, కొంచెం ఏడుపు మొహం పెట్టు," అన్నాడు మండలి ఫొటోగ్రాఫరు.

"ఏడుపొచ్చినప్పుడు మీరు రానేదు బాబూ," అంది రత్నాలు.

చివరికి ఉల్లిపాయలు తెప్పించారు. నూట నలభై మందికి కూర వండే మనిషి మీద ఉల్లిపాయలు పనిచేయవని మండలికి అప్పటిదాకా తెలియదు. ఫొటోగ్రాఫరుకే కళ్ళనీళ్ళు కారాయి.

రెండో రోజు దరఖాస్తులు. పధ్నాలుగు పేజీలు, నాలుగు ప్రతులు. ఆ ఒక్క రోజే నా మిషను రెండుసార్లు వేడెక్కి ఆగింది. రుసుము వంద రూపాయలు మాత్రమే పెట్టారు. అయితే పారదర్శకత కోసం ఆ వంద దరఖాస్తుదారు సొంత ఖాతా నుంచే ఆన్‌లైన్లో కట్టాలి.

"ఖాతా కదల్లేదనే కదా బాబూ ఈ దరకాస్తు?" అడిగింది రత్నాలు.

"మంచి పాయింట్ రెయిజ్ చేశావమ్మా," అని చైర్మన్ గారు మెచ్చుకున్నారు. "కదలని ఖాతాదారులకు సెపరేట్ ఫారం పెట్టించాను. ఆరు పేజీలే."

ఇంత ముందుచూపున్న నాయకుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు. ఆ ఆరు పేజీలూ నా దగ్గరే తీయించారు.

మూడో రోజు చైర్మన్ గారు స్వయంగా బ్యాంకుకు బయల్దేరారు. వెనకాల డప్పులు, ముందు ఫొటోగ్రాఫరు, మధ్యలో రత్నాలు. కాగితాలు మోస్తూ నేను. మేనేజరు హేమలత గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"మేడమ్, మానవతా దృక్పథంతో ఆ జప్తు తీసేయండి," అన్నారు చైర్మన్ గారు.

"అది కోర్టు ఆర్డరు సార్. తీసేయమని కోర్టు నుంచే కాగితం రావాలి."

"నేను మీ హెడ్డాఫీసుతో మాట్లాడతాను."

"మాట్లాడండి సార్. కోర్టంటే వాళ్ళకూ భయమే."

చైర్మన్ గారు గంభీరంగా తలపంకించి, మేనేజరుగారికి శాలువా కప్పి, ఫొటో దిగి, చర్చలు ఫలప్రదంగా ముగిశాయని బయట విలేకరులకు చెప్పడానికి వెళ్ళారు. ఆ సందులో హేమలత గారు రత్నాలును కౌంటరు దగ్గరికి పిలిచారు.

"సాలూరు కోర్టులో ఉచిత న్యాయ సహాయం గది ఉంటుంది. పాస్‌బుక్కు, బడివాళ్ళిచ్చిన జీతం కాగితం పట్టుకుని వెళ్ళు. ఇది నా కూలి డబ్బు అని చెప్పు. బేగి వెళ్ళు."

రత్నాలు నావైపు చూసింది. నేను కాగితాల వైపు చూశాను. ఎలాగూ వారోత్సవాల ముగింపు సభ అయ్యేదాకా ఆమెను ఎవరూ వదల్లేదు.

ముగింపు సభలో చైర్మన్ గారు ఆమెకు పన్నెండు వేల రూపాయల చెక్కు బహూకరించారు. ఆరడుగుల ఫ్లెక్సీ చెక్కు. అందులో అంకె కన్నా చైర్మన్ గారి బొమ్మ పెద్దది.

"ఇది బేంకులో ఎలా దూరుద్ది బాబూ?"

"అది ఫొటోకమ్మా. అసలు డబ్బు డైరెక్టుగా మీ ఖాతాలోకే వేయించాం. మధ్యలో దళారులు లేరు!"

సభ ఒక్కసారిగా చప్పట్లతో మారుమోగింది. రత్నాలు ఫోను మోగింది. పన్నెండు వేలు జమ. ఆమె సభ నుంచే ఏటీఎంకు పరుగెత్తి, అంతే వేగంగా తిరిగొచ్చింది.

"బాబూ, ఇదీ కదల్లేదు!"

"పడిందా లేదా?"

"పడ్డాది."

"మా పని వేయడం," అన్నారు చైర్మన్ గారు తృప్తిగా.

మర్నాడు పేపర్లో 'రత్నాలు కంట ఆనందబాష్పాలు' అని వచ్చింది. ఆ బొమ్మలో కళ్ళు తుడుచుకుంటున్నది ఫొటోగ్రాఫరే కావచ్చని నా అనుమానం.

ఆ రోజు నేను షాపు మూసేసి రత్నాలుతో సాలూరు వెళ్ళాను. రెండు బస్సులు మారాం. న్యాయ సహాయం గదిలో కృపావతి గారనే లాయరమ్మ ఒక్కరే కూర్చుని ఉన్నారు. పాస్‌బుక్కు తిరగేసి, మూడు ప్రశ్నలడిగి, ఆశ్చర్యంగా చూశారు.

"కూలి చేసుకునేవాళ్ళ వేతనం జప్తు చేయకూడదని చట్టంలోనే ఉందమ్మా. మీకెవరూ చెప్పలేదా?"

"సెప్పడానికే వారం రోజులు పండగ సేసారమ్మా. ఇంకా అక్కడిదాకా రానేదు."

పిటిషను ఒక్క పేజీ. ఫీజు లేదు. జిరాక్సు కూడా ఒక్కటే అడిగారు. వృత్తిరీత్యా నాకు కొంచెం మనసు కష్టమైంది. బస్సులో రత్నాలు ఘాటు రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా పాస్‌బుక్కును గుండెకు అదుముకుంది. ఆమె నవ్వకుండా ఉండటం చూడటం నాకదే మొదటిసారి.

వాయిదాకు మళ్ళీ వెళ్ళాం. ఫైనాన్సు లాయరు ఏదో అనబోతే జడ్జిగారు జీతం కాగితం చూపించి ఊరుకోమన్నారు. పద్దెనిమిదో తేదీన ఆర్డరు బ్యాంకుకు చేరింది. ఆ నెలదీ కలుపుకుని నాలుగు నెలల జీతం, ముప్పై ఎనిమిది వేలు, రత్నాలు చేతిలో పడింది. పంతొమ్మిదిన జీవిత నర్సింగు ఫీజు కట్టేశారు.

"మరి సైర్మను గారి పన్నెండు వేలో?" అని రత్నాలు కౌంటరు దగ్గర అడిగింది.

హేమలత గారు కాస్త ఇబ్బంది పడ్డారు. "అది నీ కూలి డబ్బు కాదు కదమ్మా. ఫైనాన్సు కంపెనీకి వెళ్ళిపోయింది."

రత్నాలు పగలబడి నవ్వింది. "పోన్లెండి. పేదోళ్ళకి సాయం సేత్తామన్నారు. ఆళ్ళకంత అవసరమేమో!"

తర్వాత ఆమె ఊరుకోలేదు. పక్క ఊళ్ళో ఉపాధి కూలి ఆగిపోయినవాళ్ళు, కాఫీ తోటలో పనిచేసే ఆడవాళ్ళు, ఇలా ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని నా షాపుకు తీసుకొచ్చేది. ఆమె ప్రశ్నలు అడిగేది, నేను రాసేవాణ్ణి. ఆదివారం వంటపని లేనప్పుడు నా బెంచీ మీదే ఆమె ఆఫీసు. ఐదు నెలల్లో పదకొండు ఖాతాలు కదిలాయి. ఊరట మండలి వార్షిక నివేదికలో 'పదకొండు ఖాతాలకు విముక్తి' అని వేసుకున్నారు. అందుకు చైర్మన్ గారికి పాడేరులో సన్మానం జరిగింది. ఆహ్వాన పత్రికలకు నేనే జిరాక్సులు తీశాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం చైర్మన్ గారు నా షాపుకొచ్చారు. కారు లేదు, డప్పులు లేవు, ఫొటోగ్రాఫరు లేడు. అటూ ఇటూ చూసి లోపలికొచ్చి ఓ కాగితం మడత విప్పారు. విశాఖలో ఇల్లు కట్టడానికి ఏదో ఫైనాన్సులో తెచ్చిన అప్పట. మండలి ఇచ్చే గౌరవ వేతనం పడే ఖాతా మీద కోర్టు జప్తు వేసింది.

బెంచీ మీదున్న రత్నాలు లేచి చోటిచ్చింది. "ఏటి బాబూ, మీదీ ఆగిపోనాదా?"

"టెక్నికల్‌గా మాత్రమే," అన్నారు చైర్మన్ గారు కూర్చుంటూ.

"దానికేటి, భయపడకండి. కూలి డబ్బయితే వదిలేత్తారు. ఒక్క పేజీయే." ఆమె నాకు కాగితం అందించింది. "పేరు రాయి స్వామిబాబూ. ఊరు రాయి. ఆఁ, మీరు సేసే పని ఏటని రాయమంటారు బాబూ?"

"ప్రజాసేవ."

"అలా రాత్తే జడ్జిగారు ఒప్పుకోరు. పొద్దున్న లెగిసి మీరు ఏటి సేత్తారు? మా అందరికీ అలాగే రాసాం. వంట, తోటపని, మట్టిపని."

చైర్మన్ గారు ఫ్యాను వైపు చూశారు. బ్యాంకు వైపు చూశారు. నా మిషను వైపు కూడా చూశారు. నేను పెన్ను పట్టుకుని వినయంగా ఎదురుచూశాను. రత్నాలు మర్యాదగా, ఓపిగ్గా, సాయం చేయాలన్న నిజమైన ఆత్రంతో ఎదురుచూసింది.

చివరికి చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఆ గడి ఖాళీగా ఉంచండి. పైవాళ్ళను కనుక్కుని చెబుతాను."